అమ్మే బండితోనే పందేనికి రండి

మా టీములో ఒకతను మొన్నీమధ్య జర్మన్ కారు కొన్నాడు. కొనుక్కోనీండి, నాకేం కడుపుమంట లేదు, పంచిన స్వీటు కూడా తిన్నాను. కానీ మర్నాడు కాఫీ మెషీను దగ్గర నిలబడి, "నాలుగు చక్రాలకీ పవరు వెళ్తుంది గురూ, అంతా ఫార్ములా వన్ నుంచి దిగిన టెక్నాలజీ" అన్నాడు చూడండీ, అక్కడ నాకు తిక్క రేగింది.

ఫార్ములా వన్ లో నాలుగు చక్రాలకీ పవరు ఇవ్వడం నిషేధం. ఇవాళా నిన్నా కాదు, 1980ల మొదట్నుంచీ. యూరప్ కంపెనీలు దాన్ని సీరియస్ గా తీసుకున్నది ర్యాలీ వల్ల. బురదలోనూ, మంచులోనూ, గులకరాళ్ళ మీదా బళ్ళు తోలుతారే, టీవీలో వస్తే మనవాళ్ళు ఛానెల్ మార్చేస్తారే, ఆ పందెం వల్ల. అంతకుముందే జెన్సెన్ వాళ్ళూ, సుబారు వాళ్ళూ చేశారు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ వాటిని చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడింది ఆడి క్వాట్రోని చూసి.

ఆ కథ కూడా తమాషాగా ఉంటుంది. 1977 చలికాలంలో ఆడి ఇంజనీర్లు ఫిన్లాండ్ మంచులో కార్లు టెస్టు చేస్తున్నారు. వాళ్ళతోపాటు ఫోక్స్‌వాగన్ వాళ్ళ ఇల్టిస్ అనే మిలిటరీ జీపు కూడా ఉంది. 75 హార్స్ పవర్ ముక్కుతూ మూలుగుతూ నడిచే బండి. అది మంచులో తమ ఖరీదైన కార్లకంటే చక్కగా పోతుంటే యోర్గ్ బెన్సింగర్ అనే ఇంజనీరు చూసి, దీన్ని మామూలు కారులో పెడితే ఏమవుతుందని తన బాసు ఫెర్డినాండ్ పీయెక్ దగ్గరికి వెళ్ళాడు. 1980లో జెనీవా షోలో క్వాట్రో బయటికొచ్చింది, 1981లో ర్యాలీలోకి దిగింది. ఆ ఏడే ఇటలీలో సాన్ రెమో ర్యాలీని మిషెల్ మూటన్ గెలిచింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ర్యాలీ గెలిచిన మొదటి మహిళ ఆవిడ. 1982లో మరో మూడు గెలిచి ఛాంపియన్‌షిప్ లో రెండో స్థానంలో నిలిచింది. మా వాడి బండి కింద తిరుగుతున్న ఆ షాఫ్టుకి పేరు పెట్టాలంటే ఆవిడ పేరు పెట్టాలి గానీ, మొనాకోలో పడవల పక్కన తిరిగే కార్ల పేరెందుకు?

నా గోల ఏంటంటే... యూరప్ కార్లు మంచి కార్లయింది ర్యాలీ వల్ల. అదీ ఒకే ఒక్క రూలు వల్ల. షోరూములో జనానికి అమ్మే బండినే పోటీకి తేవాలి అన్న రూలు. హోమోలోగేషన్ అంటారు. ఫలానా సంఖ్యలో బళ్ళు తయారుచేశామని లెక్క చూపిస్తేనే పోటీలోకి రానిచ్చేవారు. ఆ రూలుని నీరుగార్చాక ర్యాలీ సర్కస్ అయింది, కారు బ్యాడ్జీ అయింది.

ర్యాలీ ఎప్పుడూ చూడనివాళ్ళకి రెండు ముక్కలు. సర్క్యూట్ రేసులో అదే మలుపు యాభై అరవైసార్లు తిరుగుతారు. ర్యాలీలో ఒక్కొక్క బండీ కొన్ని నిమిషాల తేడాతో బయల్దేరుతుంది, గడియారంతోనే పోటీ. స్టేజీ అంటే జనం వాడే రోడ్డే, ఆ పూటకి మూసేస్తారు. డ్రైవరు పక్కన కో-డ్రైవరు కూర్చుని ముందుగా రాసుకున్న నోట్సు చదువుతూ ఉంటాడు: కుడి మూడు, లోపలికి బిగుసుకుంటుంది, మిట్ట దాటగానే ఎడమ రెండు. మిట్ట అవతల ఏముందో డ్రైవరుకి కనపడదు, పక్కవాడి మాట నమ్మి తొక్కేయడమే. ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి మామూలు ట్రాఫిక్ లో, నంబరు ప్లేటుతో, సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ వెళ్ళాలి. దారిలో చెడిపోతే బండిలో ఉన్న పనిముట్లతో ఆ ఇద్దరే బాగుచేసుకోవాలి.

మన భాషలో చెప్పాలంటే ఫార్ములా వన్ అనేది డెమో. మెషీను మనది, డేటా మనది, క్లయింటు ముందు ఏ బటన్ నొక్కాలో రాత్రే రిహార్సల్ వేసుకున్నాం. ర్యాలీ అంటే ప్రొడక్షన్. శుక్రవారం సాయంత్రం రిలీజ్ చేసి, ఫోను పక్కన పెట్టుకుని పడుకోవడం. డెమో ఇచ్చేవాళ్ళకి తెలివి లేదని అనను, చాలా తెలివి కావాలి. కానీ డెమో చూసి సాఫ్ట్‌వేర్ కొనేవాణ్ణి మనం ఏమంటాం? 2023 ఫిబ్రవరిలో మన హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ పెట్టారు గుర్తుందా? రేసు కోసం రోడ్డు నున్నగా వేశారు. ర్యాలీ పెట్టి ఉంటే ఉన్న రోడ్డే సరిపోయేది, బోలెడు ఖర్చు కలిసొచ్చేది.

ఇలాంటి పరీక్షకి షోరూము బండినే తేవాలంటే కంపెనీ ఏం చేస్తుంది? షోరూము బండినే గట్టిగా కడుతుంది. ఇంతే లాజిక్కు.

స్వీడన్ సాబ్ 96 చూడండి. 841 సీసీ, మూడు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజను. ఎరిక్ కార్ల్‌సన్ అనే భారీకాయుడు దాంట్లో దూరి 1962, 1963ల్లో మాంటె కార్లో గెలిచాడు. ఆ మరుసటేడు మినీ కూపర్ ఎస్ గెలిచింది. రెండూ స్కూలు టీచరు కొనుక్కోగల బళ్ళే. ఇక నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ కెన్యాది. 1965లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీని జోగీందర్ సింగ్ అనే సర్దార్జీ, తమ్ముడు జస్వంత్ ని పక్కన కూర్చోబెట్టుకుని గెలిచాడు. బండి వోల్వో పీవీ544, అదీ సెకండ్ హ్యాండు! అప్పటికే పాతబడిపోయిన మోడలు, ఆ ఏడాదే ఉత్పత్తి కూడా ఆపేశారు. వేల కిలోమీటర్ల ఎర్రమట్టి, వాగులు, అడ్డమొచ్చే జంతువులు, వాటన్నిటినీ దాటుకుని ఒకరు వాడేసిన కారు ఫస్టు వచ్చింది. తర్వాత 1975, 1978ల్లో అదే సఫారీని పెజో 504 గెలిచింది. ఆ 504 ఆఫ్రికాలో దశాబ్దాల తరబడి టాక్సీగా తిరిగింది, పదిమందిని ఎక్కించుకుని, పైన మేకల్ని కట్టుకుని. పోటీలో గెలిచిన బండీ, ఊరికి తీసుకెళ్ళే టాక్సీ ఒకటే. యూరోపియన్ ఇంజనీరింగ్ అంటే నా దృష్టిలో అదీ. సీటు కుట్టు కాదు, తలుపు మూస్తే వచ్చే చప్పుడు కాదు.

ఇప్పుడు రెండో రకం భక్తుల సంగతికొద్దాం. వీళ్ళు ర్యాలీ చూస్తారు, నా పార్టీయే, కానీ వీళ్ళతో నాకు ఇంకా పెద్ద పేచీ. "గ్రూప్ బి" భక్తులు. 1982 నుంచి 1986 దాకా నడిచిన రూల్సు అవి. కేవలం 200 బళ్ళు చేస్తే చాలు, ఏ రాక్షసినైనా పోటీకి దింపుకోవచ్చు. టన్ను లోపు బరువు, 450 పైచిలుకు హార్స్ పవర్, ఎగ్జాస్టు లోంచి మంటలు, రోడ్డు నడిమధ్యన నిలబడి బండి మీదికొచ్చాక పక్కకి దూకే జనం. ఆ వీడియోలు చూసి "అదీ రా స్వర్ణయుగం" అని నిట్టూరుస్తారు. అక్కడ చనిపోయిన వాళ్ళ గురించి అడిగితే "అప్పట్లో మగాళ్ళు ఉండేవాళ్ళు" అంటారు. ఏడిసినట్టుంది.

1985 మే 2న కోర్సికాలో అత్తీలియో బెత్తెగా చనిపోయాడు. 1986 మార్చిలో పోర్చుగల్ లో ఫోర్డ్ ఆర్ఎస్200 జనంలోకి దూసుకుపోయింది, ప్రేక్షకులు చనిపోయారు, ముప్పై మందికి పైగా గాయపడ్డారు. పెద్ద కంపెనీల డ్రైవర్లంతా కలిసి ఇక తోలమని తప్పుకున్నారు. (మగాళ్ళే వాళ్ళు కూడా!) సరిగ్గా బెత్తెగా పోయిన ఏడాదికి, 1986 మే 2న, అదే కోర్సికాలో హెన్రీ తోయివొనెన్, కో-డ్రైవరు సెర్జియో క్రెస్టో. లాన్సియా డెల్టా ఎస్4 ఒక ఎడమ మలుపులో రోడ్డు వదిలి చెట్లలోకి పడి కాలిపోయింది. దగ్గర్నుంచి చూసినవాళ్ళు లేరు. మంటలారాక మిగిలింది గొట్టాల చట్రం ఒక్కటే. తోయివొనెన్ కి 29 ఏళ్ళు. వాళ్ళ నాన్న పౌలి తోయివొనెన్ 1966 మాంటె కార్లో విజేత. ముందొచ్చిన మినీలని హెడ్‌లైట్ల వంక పెట్టి తీసేస్తే సిట్రోయెన్ డీఎస్ లో గెలిచినాయన. తండ్రి తోలింది ఫ్రాన్సులో ఎవరైనా కొనుక్కునే బండి. కొడుకు తోలింది పేరుకి డెల్టా, పైన కప్పిన రేకు డెల్టా పోలిక, లోపలంతా వేరే. ఇరవై ఏళ్ళలో ఎక్కణ్ణుంచి ఎక్కడికొచ్చారో చూడండి.

గ్రూప్ బి ని ఆ ఏడాది చివరితో ఆపేశారు. మంచి పని చేశారు. దాన్ని స్వర్ణయుగం అనేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఏంటంటే అసలు స్వర్ణయుగం ఆ మర్నాటి నుంచే మొదలైంది.

1987 నుంచి గ్రూప్ ఎ. ఏడాదిలో 5,000 బళ్ళు చెయ్యాలి, తర్వాత దాన్ని 2,500కి తగ్గించారు. పవరు దాదాపు 300 హార్స్ పవర్ దగ్గర ఆపారు. కంపెనీలన్నీ నెత్తిన చేతులు పెట్టుకున్నాయి, ఎందుకంటే అమ్మకానికి సరైన బండి ఎవరి దగ్గరా లేదు. లాన్సియా దగ్గర మాత్రం డెల్టా హెచ్ఎఫ్ ఫోర్ వీల్ డ్రైవ్ అని ఒకటి 1986 నుంచీ ఉంది. అయిదు తలుపుల, కూరగాయలకి వెళ్ళే కారు. గీసింది జుజారో. (మన రోడ్ల మీద చిన్న కప్పలా తిరిగిన మాటిజ్ కూడా ఆయన కంపెనీలో గీసిందే.) 165 హార్స్ పవర్. అదీ దాని తమ్ముళ్ళూ కలిసి 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరు ప్రపంచ టైటిళ్ళు కొట్టాయి.

గెలవడం కాదు, ఎలా గెలిచిందో చూడండి. ర్యాలీలో వెడల్పు టైర్లు కావాల్సొచ్చింది. వెడల్పు టైర్లు పట్టాలంటే చక్రాల పైన రేకు ఉబ్బాలి. రేకు ఉబ్బించాలంటే షోరూము బండికీ ఉబ్బించాలి, లేకపోతే రూలు ఒప్పుకోదు. అందుకే ఇంటెగ్రాలె అని కొత్త వెర్షన్ అమ్మకానికి పెట్టారు, పెద్ద టర్బో, పెద్ద బ్రేకులు, ఉబ్బిన భుజాలు. తర్వాత 1989లో 16 వాల్వుల ఇంజను, వెనక చక్రాలకి కాస్త ఎక్కువ పవరు, బానెట్ మీద బొడిపె. ప్రతీ వెర్షనూ ఒక బగ్ ఫిక్సు. స్వీడన్ మంచులోనో, గ్రీసు బండరాళ్ళ మీదో పడ్డ బగ్గుకి ప్యాచ్ వేసి, దాన్ని తూరినో లో పళ్ళ డాక్టరుకి అమ్మాలి. అమ్మకపోతే పోటీలో వాడటానికి లేదు. క్యూఏ వాళ్ళు రిజెక్ట్ చేసిన ప్రతీదీ డెవలపర్లు ఆర్నెల్లలో బాగుచేసి కస్టమరుకే ఇవ్వాలని కాంట్రాక్టులో రాసినట్టు. మన కంపెనీల్లో ఏనాడన్నా చూశామా?

అదే రూలు వల్ల జపాన్ వాళ్ళు కూడా సుబారు ఇంప్రెజా టర్బో, మిత్సుబిషి లాన్సర్ ఎవొల్యూషన్ లాంటివి జనానికి అమ్మారు. నలుగురు కూర్చునే, డిక్కీ ఉన్న, పిల్లల్ని స్కూల్లో దింపే బళ్ళు. అందులోనే మరీ తేడా లేని బండిలో 1995లో కాలిన్ మెక్‌రే ప్రపంచ ఛాంపియన్.

గ్రూప్ ఎ కి తప్పుల్లేవా అంటే ఉన్నాయి. మొదటి కొన్నేళ్ళు లాన్సియాకి ఎదురు లేక బోరు కొట్టింది. ఫోర్ వీల్ డ్రైవ్ టర్బో కారు వేల సంఖ్యలో అమ్మడం చాలా కంపెనీలకి తలకు మించిన ఖర్చు. మోసం కూడా జరిగింది. 1995లో టొయోటా జట్టు టర్బోకి గాలి పరిమితం చేసే భాగాన్ని దొంగచాటుగా తప్పించేలా అమర్చి దొరికిపోయింది, ఏడాది పాటు వెలేశారు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ దానికి మందుగా 1997లో తెచ్చిన వరల్డ్ ర్యాలీ కార్ రూల్సు చూడండి. షోరూములో మామూలు ముందు చక్రాల బండి అమ్ముకోండి, దాని పెంకు తెచ్చి లోపల ఫోర్ వీల్ డ్రైవూ, టర్బో మీరే పెట్టుకోండి, అలాంటిది జనానికి అమ్మక్కర్లేదు. అంతే! తాళం తీసి చేతిలో పెట్టారు.

కంపెనీలు బిలబిలమంటూ వచ్చాయి, కాదనను. పోటీ రంజుగా సాగింది. సెబాస్టియన్ లోబ్ 2004 నుంచి 2012 దాకా సిట్రోయెన్ లో తొమ్మిది టైటిళ్ళు కొట్టాడు, మహానుభావుడు. కానీ ఆ తొమ్మిదేళ్ళలో సిట్రోయెన్ షోరూముకి వెళ్ళి ఎక్సారా గానీ సీ4 గానీ కొన్నవాడికి లోబ్ బండి నుంచి ఏం దక్కింది? స్టిక్కరు. నా లెక్కలో అత్యంత సిగ్గుచేటు ఫోక్స్‌వాగన్ పోలోది. 2013 నుంచి 2016 దాకా నాలుగేళ్ళూ అన్ని టైటిళ్ళూ వాళ్ళవే. సంబరంగా "పోలో ఆర్ డబ్ల్యూఆర్‌సీ" అని వీధి వెర్షన్ ఒకటి అమ్మారు. ఎన్ని? సరిగ్గా 2,500. పాత గ్రూప్ ఎ అంకె! అబ్బో అనుకుని కింద వంగి చూస్తే ముందు చక్రాల బండి. వెనక చక్రాలు ఊరికే దొర్లుతుంటాయి. దీనికంటే మనవాళ్ళు ఆల్టోకి స్పాయిలర్ తగిలించుకోవడం నయం, వాళ్ళు దాన్ని ఎవరికీ టెక్నాలజీ అని అమ్మడం లేదు.

అదే ఫోక్స్‌వాగన్, 2015 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో టైటిల్ ఖాయం చేసుకున్న కొద్దిరోజులకే, అమెరికాలో డీజిల్ కేసులో దొరికింది. ఇది మన వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి కాస్త ఆగి చెప్తాను. ఇంజను కంట్రోల్ సాఫ్ట్‌వేర్ లో ఒక కోడు. స్టీరింగ్ తిరుగుతోందా లేదా, స్పీడు ఎలా మారుతోంది, ఎంతసేపట్నుంచి నడుస్తోంది ఇవన్నీ చూసి, ఇది లాబొరేటరీలో రోలర్ల మీద జరుగుతున్న పరీక్ష అని పసిగడుతుంది. పరీక్షైతే పొగ శుభ్రంగా వదుల్తుంది, రోడ్డెక్కగానే మామూలే. ప్రపంచం మొత్తమ్మీద కోటీ పది లక్షల బళ్ళు. పట్టుకున్నది ఎలాగంటారా? వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు పరికరాలు డిక్కీలో వేసుకుని కార్లని నిజం రోడ్డు మీద తోలి కొలిచారు. లాబ్ లో పాసైన బండి రోడ్డు మీద ఫెయిలైంది.

నేను ఇన్ని పేరాల నుంచీ మొత్తుకుంటున్నదీ అదే కదా! ఎక్కడైతే పరీక్ష వేరు, వాడుక వేరు అవుతుందో అక్కడ ఎవడో ఒకడు "పరీక్ష అయితే ఇలా, కాకపోతే అలా" అని ఇఫ్ కండిషన్ రాస్తాడు. ర్యాలీ వల్ల డీజిల్ పొగ తగ్గేదని నేననడం లేదు. ఒకే కంపెనీ ఒకే సమయంలో రెండుచోట్లా ఒకే అలవాటు చూపించింది అంటున్నాను. పరీక్షకి ఒక బండి, నీకూ నాకూ ఒక బండి. 2016 నవంబరులో, మరుసటేడాది కారు తయారయ్యాక కూడా, జట్టుని ఎత్తేసి వెళ్ళిపోయారు. అమ్మే బండికి దాంతో సంబంధం లేనప్పుడు వెళ్ళిపోవడం ఎంతసేపు? 2019 చివర్లో సిట్రోయెన్ కూడా అంతే.

2022లో వచ్చిన ర్యాలీ1 రూల్సుతో ఆ మిగిలిన పెంకు కూడా పోయింది. ఇప్పుడు గొట్టాల చట్రం కట్టి పైన కారు ఆకారంలో తొడుగు వేసుకోవచ్చు. ప్రాణాలకి భద్రత ఎక్కువ, అది మంచిదే, దానికి నేను అడ్డుచెప్పను. కానీ అమ్మకానికీ పోటీకీ మధ్య సంబంధం మటుకు మళ్ళీ డెల్టా ఎస్4 దగ్గరికే వచ్చింది. 2025లో పై తరగతిలో పోటీపడ్డవి మూడే పేర్లు: టొయోటా, హ్యుందాయ్, ఫోర్డ్. వర్క్‌షాపులు ఫిన్లాండ్ లో, జర్మనీలో, ఇంగ్లాండ్ లో ఉన్నాయి. మెకానిక్కులు యూరప్ వాళ్ళు, డ్రైవర్లలో చాలామంది యూరప్ వాళ్ళు. యూరప్ కంపెనీ బ్యాడ్జీ ఒక్కటి లేదు. సఫారీ 2021లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ లోకి తిరిగొచ్చాక 2025 దాకా అయిదుసార్లూ టొయోటానే గెలిచింది. పెజో 504 తిరిగిన దారుల్లో!

మరీ నవ్వొచ్చేది ఏంటంటే పాత పద్ధతిలో, ర్యాలీ కోసమని షోరూము బండి చేసింది కూడా టొయోటానే. 2020లో జీఆర్ యారిస్. మూడు సిలిండర్ల 1.6 టర్బో, నాలుగు చక్రాలకీ పవరు, మాన్యువల్ గేర్లు. దాని మీద కట్టాల్సిన ర్యాలీ కారు పని మధ్యలో ఆపేశారు గానీ, జనానికి అమ్మడం మాత్రం ఆపలేదు. లాన్సియా చెయ్యాల్సిన పని జపాన్ వాళ్ళు చేశారు. ఆ లాన్సియా అయితే 2017 నుంచి కొన్నేళ్ళపాటు ఇటలీలో మాత్రమే, ఒకే ఒక్క మోడలు అమ్ముకుంటూ బతికింది.

మరి మిగతా యూరప్ కంపెనీలు ఏం చేస్తున్నాయి? రెండున్నర టన్నుల ఎస్‌యూవీని నూర్‌బర్గ్‌రింగ్ లో ఎన్ని నిమిషాల్లో తిప్పారో ప్రకటన ఇస్తున్నాయి. ఆ టైము కోసం సస్పెన్షన్ బిగించి, ఇరవై అంగుళాల చక్రానికి రబ్బరు బ్యాండు లాంటి టైరు తొడిగి మనకి పంపుతున్నాయి. మనం నలభై, యాభై లక్షలు పోసి కొని, గచ్చిబౌలిలో స్పీడ్ బ్రేకరు కనపడగానే బండిని అడ్డంగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ పసిపిల్లని దించినట్టు దించుతున్నాం. వెనకాల పాత ఇండికా టాక్సీవాడు హారన్ కొడుతూ ఉంటాడు, పాపం.

నా చేతిలో ఉంటే రూలు ఇంత: ఏడాదికి 2,500 బళ్ళు. ఏ చక్రాలకి పవరు వెళ్ళాలో, గేరుబాక్సు ఎక్కడుండాలో, సస్పెన్షన్ ఎక్కడ బిగించాలో అమ్మే బండిలో ఎలా ఉంటే పోటీ బండిలో అలాగే. లోపల రోల్ కేజీ, సీట్లు, మంటలార్పే పరికరం, భద్రతకి సంబంధించినవి ఎన్నైనా పెట్టుకోండి. కరెంటు బండైనా సరే, తీసుకురండి. "అలాగైతే ఎవరూ రారు" అంటారు. రాకపోతే రాకపోనీండి, ఇప్పుడు మాత్రం ఎంతమంది ఉన్నారని? ముగ్గురు.

ఇదంతా మా వాడికి కాఫీ చల్లారిపోయేదాకా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు, మంచివాడు. చివరికి "ఐతే ఇప్పుడు నా కారు అమ్మెయ్యమంటావా?" అన్నాడు. అక్కర్లేదు గురూ, నాలుగు చక్రాలకీ పవరుంది కదా, శనివారం పొద్దున్నే వికారాబాద్ దాటి అనంతగిరి వెనకాల మట్టిరోడ్డుకి తీసుకెళ్దాం, ఆ టెక్నాలజీ దేనికోసం పుట్టిందో ఒక్కసారి చూద్దాం అన్నాను.

కాసేపు ఆలోచించి, టైర్లు బాగా ఖరీదని చెప్పాడు.